గోల్కొండ వజ్రాలు, అమెరికా వేదికలు: ప్రేరణ ప్రసంగాన్ని తీర్చిదిద్దే ఒప్పందం

పరిచయం

ప్రేరణ ప్రసంగాల మీద వచ్చే విమర్శలు ఎక్కువగా వక్త మాటతీరు చుట్టూనే తిరుగుతాయి. అతన్ని ఎవరు పిలిచారు, డబ్బు ఎవరు కట్టారు, ఏ షరతుల మీద వచ్చాడు అన్న సంగతులు మరుగున పడిపోతాయి. వేదిక మీద ఏం వినిపించాలో చాలావరకు ఆ షరతులే నిర్ణయిస్తాయన్నది ఈ వ్యాస ప్రతిపాదన. అందుకు ఆధారంగా అమెరికాలో ఉపన్యాసం వృత్తిగా మారిన క్రమాన్ని, అక్కడ ఆరు వేల సార్లకు పైగా వినిపించిన ఒక ప్రసంగాన్ని పరిశీలిస్తున్నాను. ఆ ప్రసంగంలోని మూలకథ గోల్కొండ వజ్రాలది. కనుక దాన్ని నిగ్గు తేల్చే బాధ్యత మన మీద కూడా ఉంది.

సంఘం నుంచి బ్యూరోకు

1826లో జొసయా హోల్‌బ్రూక్ మసాచుసెట్స్‌లోని మిల్‌బరీలో మొదటి లైసీయం నెలకొల్పాడు. ఊరివాళ్లు చందాలు వేసుకుని, విషయం తెలిసినవారి చేత మాట్లాడించుకునే సంఘం అది. వినేవాళ్లే డబ్బు కట్టేవాళ్లు, వక్తను ఎంచుకునేదీ వాళ్లే. రైలు మార్గాలు పెరిగాక దూరపు వక్తలకు పిలుపులు ఎక్కువయ్యాయి. తేదీలు కుదుర్చుకోవడం, ప్రయాణాలు, డబ్బు వసూలు వక్తలకు మోయలేని భారమయ్యాయి. ఈ పనులన్నీ చేసిపెట్టడానికి జేమ్స్ రెడ్‌పాత్ 1868లో బోస్టన్‌లో ఒక బ్యూరో తెరిచాడు. పారితోషికంలో పదో వంతు కమీషన్‌గా తీసుకునేవాడు.

దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన సుసాన్ బి. ఆంథొనీ రెడ్‌పాత్ ద్వారా ఎన్నో ఊళ్ల ప్రజలకు తమ మాట వినిపించగలిగారు.

1904లో కీత్ వాటర్ ప్రసంగాలు, వినోద కార్యక్రమాలతో ఊరూరా తిరిగే ‘షటాక్వా’ డేరాలు మొదలుపెట్టాక ఒప్పందం స్వరూపం మారింది. ఇన్ని టికెట్లు అమ్ముడుపోతాయని ఊళ్లోని వ్యాపారులు ముందే పూచీ సంతకం పెట్టాలి. తగ్గితే ఆ లోటు వాళ్లే పూడ్చాలి. పూచీపడ్డవాడు నష్టం తేని కార్యక్రమాన్నే కోరుకుంటాడు. ఎవరినీ నొప్పించకుండా, ఏ ఊళ్లో అయినా చెల్లే ప్రసంగానికి గిరాకీ పెరగడం సహజమే.

వజ్రాల పొలం కథ

అటువంటి ప్రసంగాల్లో అగ్రస్థానం అమెరికన్ వక్త రసెల్ కాన్వెల్ ‘ఏకర్స్ ఆఫ్ డైమండ్స్’ (ఎకరాల కొద్దీ వజ్రాలు)ది. ఆరు వేల సార్లకు పైగా వినిపించినది ఇదే. అందులోని కథలో సింధు నది దగ్గర ఉండే అలీ హఫీద్ అనే పారశీక రైతు వజ్రాల కోసం పొలం అమ్ముకుని దేశాలు పట్టిపోతాడు. చివరికి దిక్కులేక సముద్రంలో పడి చనిపోతాడు. పొలం కొన్న మనిషి ఒంటెకు నీళ్లు పట్టిస్తుంటే వాగులో ఒక రాయి తళుక్కుమంటుంది. గోల్కొండ గని అలా బయటపడిందని కాన్వెల్ చెప్పేవాడు. టైగ్రిస్ నదీతీరంలో ఒక అరబ్బు మార్గదర్శి తనకు ఈ కథ చెప్పాడనేవాడు.

గోల్కొండ వజ్రాలు సింధు తీరంలో దొరకలేదు. గోల్కొండ కోటకు, వజ్రాల అంగడికి పేరు. గనులు కృష్ణా లోయలో ఉండేవి. వాటిలో పేరుమోసిన కొల్లూరు ఇప్పుడు పులిచింతల ముంపు ప్రాంతంలో ఉంది. 17వ శతాబ్దంలో ఆ గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ దాదాపు అరవై వేల మంది పనిచేసేవారని రాశాడు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు మన్ను మోసేవారు. కాన్వెల్ కథలో ఈ కూలీలెవరూ లేరు. ఉన్నదల్లా ఒక రైతు, ఒక ఒంటె, ఒక మెరుపు. శ్రమను తీసేశాక సంపదకు మిగిలే కారణం మనిషి చూపు ఒక్కటే. పేదరికానికి పేదవాడి లోపాలే కారణమని అదే ప్రసంగంలో ఆయన చెప్పడం యాదృచ్ఛికం కాదు.

అయితే కాన్వెల్‌ను తేలిగ్గా కొట్టిపారేయలేం. ప్రసంగాల మీద వచ్చిన డబ్బుతో పేద విద్యార్థులను చదివించాడు. ఫిలడెల్ఫియాలో టెంపుల్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు. ఏ ఊరికి వెళ్లినా ముందుగా చేరుకుని పోస్టుమాస్టరును, మంగలిని, హోటలు యజమానిని, బడి ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసేవాడు. ఫ్యాక్టరీలకు, దుకాణాలకు వెళ్లి జనంతో మాట్లాడేవాడు. ఆ రాత్రి ప్రసంగాన్ని ఆ ఊరి పరిస్థితికి తగ్గట్టు మలుచుకునేవాడు. శ్రోతల ఊరి మీద చూపిన ఈ శ్రద్ధ కథ పుట్టిన ఊరి మీద చూపలేదు. అలా చూపమని అడిగే షరతు ఏ ఒప్పందంలోనూ ఉండేది కాదు.

వివేకానందుడి అనుభవం

ఒప్పందపు షరతులు వక్త పనిని ఎలా మారుస్తాయో వివేకానందుడి విషయంలోనూ కనిపిస్తుంది. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలో వివేకానందుడు తన పాశ్చాత్య యాత్ర లక్ష్యం గురించి ప్రసంగించాడు. షికాగో సర్వమత సభ తర్వాత అమెరికాలో స్లేటన్ లైసీయం బ్యూరోతో ఒప్పందం చేసుకున్నాడు. ఒక ప్రసంగానికి 2,500 డాలర్లు వస్తే తన చేతికి 200 మాత్రమే దక్కాయని 1894లో లేఖ రాశాడు. మిత్రుల సాయంతో ఆ ఒప్పందం వదిలించుకున్నాడు. తర్వాత న్యూయార్క్‌లో ఉచితంగా తరగతులు నడిపాడు. ‘రాజయోగ’ పుస్తకం ఆ తరగతుల నుంచే వచ్చింది. ఊరికొక రాత్రి మాట్లాడి రైలెక్కే వక్తకు అంత నిలకడైన బోధన సాధ్యపడదు. షరతులు మారడంతో ఆయన చేయగలిగిన పనే మారింది.

ముగింపు

నేడు కంపెనీలో హెచ్‌ఆర్ విభాగమో, కళాశాలలో ప్లేస్‌మెంట్ విభాగమో వక్తను కుదుర్చుకుంటుంది. యూట్యూబ్‌లో వీడియో చూస్తారు, పారితోషికం, అడ్వాన్సు, విమానం, హోటలు మాట్లాడుకుంటారు. వినేవాడికి ఆ ఎంపికలో పాత్ర లేదు. ప్రసంగం కాగానే నింపించుకునే ఫీడ్‌బ్యాక్ ఫారం ఆ క్షణపు ఉత్సాహాన్ని మాత్రమే కొలుస్తుంది.

కనుక ఒప్పందంలో మూడు షరతులు చేర్చాలి. వక్త ముందురోజే వచ్చి శ్రోతల్లో కొందరితో మాట్లాడాలి. చెప్పే కథలకు ఆధారం చూపాలి. కొన్ని నెలల తర్వాత అదే శ్రోతలను మళ్లీ కలిసి, ఏం పనికొచ్చిందో వినాలి. చివరి విడత పారితోషికం అప్పుడే చెల్లించాలి. వీటికి ఒప్పుకునే వక్తకు ఎక్కువ డబ్బు ఇచ్చినా తప్పులేదు. ఉద్యోగం దొరకని విద్యార్థికి తన లోపమెంతో, ఉద్యోగాల కొరత ఎంతో విడమరిచి చెప్పడానికి ఆ వక్త దగ్గర సరంజామా ఉంటుంది. ప్రేరణ పేరుతో ఆ విద్యార్థికి మనం బాకీపడింది ఆ నిజమే.