మసిగుడ్డ కథ, మా వంటగట్టు మీది మచ్చ

మా వంటగట్టు మీద, గ్యాస్ పొయ్యికి కుడిపక్కన, అరచెయ్యంత తెల్ల మచ్చ ఒకటి ఉంది. చేసింది నేనే. లాక్‌డౌన్ నాటి మచ్చ అది. ఇప్పటికీ పోలేదు. ఇంటికొచ్చిన వాళ్లు అడిగితే ఏదో చెప్పి తప్పించుకునేదాన్ని. ఈరోజు మీకు చెప్పేస్తాను. ఎందుకంటే ఆ మచ్చ వల్లనే నేను ఇల్లు తుడిచే గుడ్డ గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

మాది ఎర్రగుంట్ల. మా ఊరు తెలిసిన వాళ్లకు దుమ్ము గురించి చెప్పక్కర్లేదు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, బండలు కోసే మిషన్లు, కాస్త దూరంలో థర్మల్ విద్యుత్ కేంద్రం, రాత్రీపగలూ లారీలు. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. అందుకే అంగట్లో దొరికే తడి వైప్స్ నాకు బాగా అలవాటయ్యాయి. ఒకటి లాగు, తుడువు, పారెయ్యి. 2020లో అవి దొరకడం కష్టమైంది, దొరికినా ధర చూస్తే చెయ్యి రాలేదు. ఫోన్‌లో ఒక వీడియో చూసి ఇంట్లోనే చేశాను. పాత నూలు గుడ్డలు కత్తిరించి, వెనిగర్, నీళ్లు, నిమ్మతొక్కలు కలిపిన డబ్బాలో ఊరబెట్టాను. మూత తీస్తే ఘాటైన వాసన. ఇంకేం, అంతా శుభ్రం అనుకున్నాను.

ఒకరోజు పొయ్యి పక్కన తుడిచి, ఆ తడిగుడ్డను అక్కడే మరిచిపోయి పడుకున్నాను. పొద్దున గుడ్డ తీస్తే కింద నల్లటి బండ తెల్లగా, గరుకుగా మారిపోయి ఉంది. సబ్బుతో రుద్దాను, పోలేదు. ఇంకా వెనిగర్ పోసి రుద్దాను. మచ్చ పెద్దదయింది.

మా అత్త వచ్చి చూసింది. వంగి వేలితో తడిమింది. "ఇది సున్నపురాయి పాపా. పులుపు తగిల్తే బండను తింటాది. మీ మామ ఉన్నింటే చెప్పేవాడు" అని మాత్రం అంది. అంతకంటే తిట్టినా బాగుండేది. మా మామ ముప్పై ఏళ్లు బండల గనిలో పనిచేశాడు. ఆ గట్టు బండను తనే ఏరి తెచ్చి, తనే పరిచాడు. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు.

మన కడప బండ, అదే నాపరాయి, దేశమంతా ఇళ్లల్లో, రైల్వే స్టేషన్లలో పరిచి ఉంటుంది. భూగర్భ శాస్త్రంలో దీన్ని నార్జి సున్నపురాయి అంటారు. నార్జి మన జిల్లాలోని ఊరే. విలియం కింగ్ అనే శాస్త్రవేత్త కడప, కర్నూలు రాతి పొరల మీద 1872లోనే పెద్ద పుస్తకం రాశాడు. ఇదే జాతి రాయిని పగలగొట్టి, కాల్చి, పొడి చేస్తే సిమెంటు. అంటే మా గట్టు మీద పరిచిందీ, దాని మీద రోజూ వచ్చి పడేదీ తోబుట్టువులే. సున్నపురాయి మీద వెనిగర్ పడితే సన్నగా నురగ వస్తుంది. రాయి పైపొర కరిగిపోతుంది. అంటే నాది మరక కాదు, తుడిస్తే పోవడానికి. అక్కడ రాయే పోయింది. వీడియోలో ఆమె తుడిచిన గట్టు ఏ రాయో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మా జేజి ఇల్లు. జమ్మలమడుగు వైపు పల్లె. రాగి, ఇత్తడి బోకులు చింతపండుతో తోమేది జేజి. కానీ ఎప్పుడూ దొడ్లో జాలారి దగ్గరే. చింతపండు బోకు ఇంట్లో బండ మీద పెడితే ఊరుకునేది కాదు. జాలారి బండ ఎప్పుడూ తెల్లగా, గీకినట్టు గరుకుగా ఉండేది. పాతదైపోయింది కాబోలు అనుకునేదాన్ని. దాన్ని అట్లా చేసింది చింతపండేనని నాకు నలభై దాటాక తెలిసింది. జేజికి రసాయన శాస్త్రం రాదు, సంతకం కూడా రాదు. ఏది ఎక్కడ తోమాలో మాత్రం తెలుసు.

ఆ ఇంట్లో గుడ్డకు కూడా ఒక వరస ఉండేది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టూ నల్లరేగడి నేల, పత్తి పండే నేల. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించేనాటికే పత్తి, నీలిమందు, నేత ఇక్కడి బతుకు. పత్తి పండించే చోట కూడా ఆడదానికి కోక సులువుగా రాదు. కాబట్టి వచ్చిన కోకను చివరి పోగు దాకా వాడేవాళ్లు. కట్టి కట్టి మెత్తబడిన కోక ముందు బాలింత దగ్గరికి, పసిబిడ్డ కిందికి పోయేది. కొంత బొంతలోకి. కొంత దీపం ఒత్తుల్లోకి. కొంత, ఎవరికీ కనపడకుండా, నెలసరికి. మిగిలిందాంట్లో మెత్తది పాలగిన్నె వడకట్టడానికి, గట్టిది వేడి బోకు దించే మసిగుడ్డకు, ఇక దేనికీ పనికిరానిది పేడనీళ్ల అలుకుగుడ్డకు. ఒకదాని గుడ్డ ఇంకొకదానికి వాడితే జేజి చేతిలో దెబ్బలే.

ఇదంతా బంగారు కాలమని నేను చెప్పడం లేదు. ఆ నెలసరి గుడ్డలను ఎండ తగలకుండా, గడ్డివామి చాటున, తడి తడిగా ఆరేసుకున్న ఆడవాళ్ల బాధ మనకు తెలుసు. మసిగుడ్డను ఎండేస్తాం, ఒంటికి తగిలే గుడ్డను మాత్రం దాచిపెడతాం. ఇది శుభ్రం కాదు, సిగ్గు. ఇంకో సంగతీ ఉంది. బాలింత గుడ్డలు, మైల గుడ్డలు ఉతికింది మన అవ్వలు కాదు, చాకలి ఇళ్ల ఆడవాళ్లు. సౌడు నేల మీద తెల్లగా పొంగే మట్టి తెచ్చి, అందులో గుడ్డలు నానబెట్టి, ఉబ్బ వేసి ఆవిరిలో ఉడికించేవాళ్లు. సౌడులో ఉండేది సోడా. జిడ్డును విడగొడుతుంది. ఆవిరి వేడి క్రిములను చంపుతుంది. ఆస్పత్రుల్లో గుడ్డలు ఆవిరిలో పెట్టేదీ ఇందుకే. ఆ పనికి వాళ్లకు దక్కింది కళ్లంలో కాసిని గింజలు, ఇంటింటా ముద్ద కూడు.

మరి సబ్బు? సన్‌లైట్ సబ్బు 1888లో కలకత్తా రేవులో దిగింది. పల్లెల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చినా మా వైపు నీళ్లతో దానికి పడదు. సున్నపురాయి నేల నుంచి వచ్చే బోరు నీళ్లు చౌటి నీళ్లు. సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లగా విరిగి మడ్డి కడుతుంది. కుంకుడుకాయ అట్లా కాదు. దాని నురగకు కారణం సపోనిన్ అనే పదార్థం, అది చౌటి నీళ్లలోనూ విరగదు. పట్టుకోకలకు, తలకు, నగలకు మనవాళ్లు కుంకుడును నమ్ముకున్నది ఊరికే కాదు. 1959లో సర్ఫ్, 1969లో అహ్మదాబాదులో పుట్టిన నిర్మా ఇంటింటికీ చేరడానికి కూడా అదొక కారణం. డిటర్జెంటు పొడి కూడా ఇలాంటి నీళ్లలో సబ్బులాగా విరిగిపోదు.

అసలు గుడ్డ వరస తెగిపోయింది పాలిస్టర్‌తోనే. 1941లో ఇంగ్లండులో కనిపెట్టిన ఈ దారం, నా చిన్నప్పటికి మా అమ్మ ఒంటి మీదికి వచ్చేసింది. చిరగదు, ముడతపడదు, తొందరగా ఆరుతుంది. దినమంతా పనిచేసే ఆడదానికి అది వరమే, నేను కాదనను. కానీ నూలు గాలిలోని తేమనే తన బరువులో 8 శాతం దాకా పట్టుకుంటే, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. దాంతో నీళ్లు తుడిస్తే నీళ్లు అటూ ఇటూ జరుగుతాయంతే. చిరగని కోకతో మసిగుడ్డ ఎట్లా వస్తుంది? అట్లా ఇంట్లో గుడ్డ కరువైంది. కొనుక్కోవాల్సి వచ్చింది.

కొనే తడి కాగితం అమెరికాలో ఆర్థర్ జూలియస్ అనే ఆయన 1950ల చివర్లో చేశాడు. వేయించిన కోడి తిన్నాక చేతులు తుడుచుకోవడానికి కేఎఫ్‌సీ వాళ్లు 1963 నుంచి ఇవ్వడంతో అది పేరుపడింది. ఇప్పటి వైప్స్ చాలావాటిలో ఉండేది కాగితమూ కాదు, నూలూ కాదు, మళ్లీ ఆ పాలిస్టరే. నీళ్లలో కరగదు. 2017లో లండన్‌లో వైట్‌చాపెల్ అనే చోట మురుగు కాలువలో 250 మీటర్ల పొడవున, 130 టన్నుల గడ్డ బయటపడింది. వంటనూనె కొవ్వు, వైప్స్ కలిసి రాయిలాగా గట్టిపడ్డాయి. తీయడానికి వారాలు పట్టింది. మన మున్సిపాలిటీ కాలువలు దానిముందు ఎంత?

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను. నూలు గుడ్డ మాత్రమే తీసుకోండి. పాత పంచె, నూలు చీర, బనియన్లు ఏవైనా సరే. జానెడు చదరంగా కత్తిరించండి. పన్నెండు కుంకుడుకాయలు గింజలు తీసి, లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పది నిమిషాలు మరగనిచ్చి, రెండుసార్లు వడకట్టండి. చల్లారాక గుడ్డలు ముంచి పిండి, స్టీలు డబ్బాలో పెట్టండి. బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు. అంగడి వైప్స్ నెలలు ఉండేది అందులో కలిపే మందుల వల్ల. మనది పాడవుతుంది, వాసన మారితే పారబోయండి. వాడిన గుడ్డలు మరిగే నీళ్లలో వేసి, మంచి ఎండలో ఆరేయండి. మన ఎండకేం తక్కువ.

దుమ్మును పొడిగుడ్డతో కొట్టకండి, లేచి మళ్లీ మన ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తడిగుడ్డతో ఒత్తి తీయండి, గుడ్డను మాటిమాటికీ జాడించండి. సిమెంటు దుమ్ము చేతులను పగలగొడుతుంది, పని అయ్యాక కొబ్బరినూనె రాసుకోండి. వెనిగర్‌ను నల్లా మీద పట్టిన తెల్ల చారకు వాడుకోండి, బండ జోలికి పోనివ్వకండి. వెనిగర్, బ్లీచింగ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. కుంకుడు మురికిని తీస్తుందే గానీ రోగక్రిములను చంపుతుందని నమ్ముకోకండి. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే డాక్టరు చెప్పిన మందునే వాడండి. పసిపిల్లల కళ్లకు కుంకుడు నీళ్లు తగలనివ్వకండి.

ఇక మచ్చ సంగతి. అత్త చెనిక్కాయల నూనె నాలుగు చుక్కలు వేసి, వారం రోజులు రుద్దింది. కొంచెం నల్లబడింది గానీ, వెలుతురు పక్కనుంచి పడితే కనిపిస్తుంది.

తరువాత నేను కుంకుడు వైప్స్ మొదలుపెట్టినప్పుడు ఇంట్లో నూలు గుడ్డ వెతికితే చాలినంత దొరకలేదు. చీరలన్నీ సింథటిక్, పిల్లల బట్టలు అవే. అత్త ట్రంకు పెట్టె తెరిచి మామ పంచె ఒకటి తెచ్చింది. ఆయన బట్టలన్నీ పంచిపెట్టాక ఆమె దాచుకున్నది అదొక్కటే. వద్దత్తా అన్నాను, చెయ్యి కూడా పట్టుకున్నాను. ఆమె అంచు పంటితో కొరికి, ఒక్క గుంజున చించింది.

"పెట్టెలో ఉంటే పురుగు తింటాది. గట్టూ ఆయప్పదే, పంచా ఆయప్పదే. తుడువు" అంది.