ఎలెన్ డిజెనరస్: ఒక్క మాట, దాని ఖరీదు

ఎమ్మెస్ చెయ్యడానికి అమెరికా వచ్చిన కొత్తలో నాకు ఎలెన్ డిజెనరస్ అంటే మధ్యాహ్నం టీవీలో డాన్సు చేస్తూ నవ్వించే ఆవిడ, అంతే. ఆ నవ్వు వెనకున్న కథ తర్వాత తెలిసింది.

ఈవిడ 1958లో లూసియానా రాష్ట్రంలో పుట్టారు. స్టేజీల మీద జోకులు చెబుతూ పైకొచ్చి, 1994లో ఏబీసీ చానెల్ కామెడీ సీరియల్‌లో కథానాయిక అయ్యారు. 1997 ఏప్రిల్‌లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద తాను లెస్బియన్‌నని చెప్పేశారు. అదే నెల 30న సీరియల్‌లో ఆవిడ పాత్ర కూడా ఆ మాటే చెప్పింది. సుమారు 4 కోట్ల 20 లక్షల మంది చూశారు. రచనకి ఎమ్మీ అవార్డు వచ్చింది.

కానీ అలబామాలోని బర్మింగ్‌హామ్ ఏబీసీ స్టేషన్ ఆ ఎపిసోడ్ వెయ్యనేలేదు. ఆ తర్వాతి సీజన్‌లో చానెల్ వాళ్ళే ముందు హెచ్చరిక చూపించడం మొదలుపెట్టారు. రేటింగులు పడిపోయి 1998లో సీరియల్ ఆగిపోయింది. చాలాకాలం పని లేదు.

2003లో దశ తిరిగింది. 'ఫైండింగ్ నీమో'లో మతిమరుపు చేప డోరీకి గొంతు ఇచ్చారు. అదే ఏడు మొదలైన టాక్ షో 2022 దాకా నడిచింది. 2008లో నటి పోర్షియా డి రోసీని పెళ్ళి చేసుకున్నారు. 2016లో ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. 2020లో షో సిబ్బంది నుంచి ఫిర్యాదులొస్తే, తెర మీదే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

నా మనసులో నిలిచింది మాత్రం ఆవిడ తల్లి బెట్టీ. మొదట కంగారుపడ్డా, కూతురి పక్కనే నిలబడి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశారు. రేపు మన పిల్లలెవరైనా ఇదే మాట చెబితే, "నలుగురూ ఏమనుకుంటారు" అన్నది మన నోట మొదటి మాట కాకూడదు.