మొగము చూడని బేరము

హుండీ యను మాట మీలో పెద్దలు వినియే యుందురు. ఒక పట్టణపు సాహుకారు వేఱొక పట్టణపు సాహుకారునకు సొమ్మిమ్మని వ్రాసిన చీటి యది. దారిలో దొంగలు దానిని దిద్దుదురేమోయని సొమ్మును అంకెలలో వ్రాసి, అక్షరములలో వ్రాసి, అందులో సగమెంతయో, దానికి రెట్టింపెంతయో కూడ వ్రాయుచుండిరి. శాహ్‌జోగ్ హుండీ యనుదానికి, బజారులో పరువుగల వర్తకుడు వచ్చి యడిగిననే గాని రొక్కమీయరు. చీటి దొంగ చేతబడినను మనుష్యుని మొగము కావలి కాచుచుండెను. ఆ మొగము తొలగిపోయిన బేరమును గూర్చి నేడు చెప్పదలచితిని. టెలిఫోనులోను, ఇంటర్నెట్టులోను సరకు తెప్పించుకొని కార్డుతో సొమ్ము చెల్లించు పద్ధతి యది.

1950లో న్యూయార్కునందు డైనర్స్ క్లబ్బువారు భోజనశాలలలో చెల్లుటకు అట్టముక్క కార్డు నొకదానిని పుట్టించిరి. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున, ఎవరును అడుగకయే 60,000 కార్డులను టపాలో పంపెను. టపాపెట్టెలనుండియే కార్డులను దొంగిలించినవారు కలరు. నూటికి 4 బాకీలు నిలిచిపోవునని బ్యాంకువారెంచగా 22 నిలిచిపోయెను. అడుగనివారికి కార్డులు పంపరాదని అమెరికాలో 1970లో శాసనము వచ్చినది.

ఆనాడు అంగడివాడు కార్డును కార్బను కాగితముపై నొత్తి ముద్ర తీసికొనువాడు. దొంగ కార్డుల సంఖ్యలు అచ్చువేసిన చిన్న పుస్తక మొకటి అతని బల్లమీద నుండెడిది. సొమ్ము పెద్దదైనచో బ్యాంకునకు టెలిఫోను చేసి అనుమతి యడుగవలెను. దొంగలు తక్కువవారా? పాఱవేసిన కార్బను కాగితములను చెత్తకుండీలలో ఏఱుకొని సంఖ్యలు చదువుకొనిరి.

ఆ సంఖ్యలోని చివరి అంకెను గూర్చి ఒక మాట. ఐబీఎమ్ సంస్థలోని హాన్స్ పీటర్ లూన్ అను నాతడు 1954లో పేటెంటు కోరి 1960లో పొందిన లెక్క యిది. కుడినుండి రెండవ అంకెతో మొదలిడి అంకె విడిచి అంకెను రెట్టింపవలెను. తొమ్మిదిని మించినచో ఆ రెండంకెలను కూడవలెను. తక్కిన అంకెలతో అన్నియు కలిపిన మొత్తము పదింట నిశ్శేషముగా భాగింపబడవలెను. టెలిఫోనులో ఏడును ఎనిమిదిగా విన్న గుమాస్తా తప్పు దీనివలన వెంటనే బయటపడును. తప్పు బయటపడునే కాని దొంగ బయటపడడు.

టెలిఫోను బేరములో కార్డు యజమాని తన సంఖ్యను, గడువు తేదీని నోటితో చెప్పును. అట్లు చెప్పిన క్షణముననే అది రహస్యము కాకపోయెను. కార్డు గలవాడు ఆ బేరము నాది కాదన్నచో నష్టము సాధారణముగ వర్తకునిదే యగును. 1995 ప్రాంతమున నెట్‌స్కేప్‌వారు, దారిలో నెవరును చదువలేని సంకేతముగా మార్చి సమాచారము పంపు విధానమును తెచ్చిరి. దారి భద్రమైనది కాని సరకు చేరిన కొట్టు భద్రము కాలేదు. వర్తకులు కార్డు సంఖ్యలను తమ యంత్రములలో దాచుకొనుచుండిరి. 2007లో అమెరికాలోని టీజేఎక్స్ అను అంగళ్ల సంస్థనుండి 4 కోట్ల 57 లక్షల కార్డుల వివరములు దొంగల పాలైనవని బయటపడినది.

కార్డు వెనుకనున్న మూడంకెల కథయు నిట్టిదే. బ్యాంకు తన రహస్యపు తాళముతో కార్డు సంఖ్యనుండి లెక్కగట్టి వానిని తీయును. బేరము ముగిసిన పిమ్మట వర్తకుడు వానిని ఎచ్చటను దాచరాదు. 2004 డిసెంబరులో వెలువడిన పీసీఐ నిబంధనలు దీనిని కట్టుదిట్టము చేసినవి. టెలిఫోనులో బేరము పుచ్చుకొను కంపెనీలకు చిక్కిచ్చట వచ్చినది. మాటలను రికార్డు చేయుట వారికి వాడుక. ఆ రికార్డులో మూడంకెలును చేరినచో అది దాచుటయే. కనుక ఆ ఘట్టమున రికార్డు నాపుటయో, కొనువాడు అంకెలను టెలిఫోను మీటలతో నొక్కుటయో యేర్పఱచిరి. వినుటకు చిన్న మార్పు, నా దృష్టిలో మంచి తెలివి.

మన దేశమున 1981లోనే, బందరున పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డులను తెచ్చినది. రిజర్వు బ్యాంకు 2009 ఫిబ్రవరి 18న ఒక ఉత్తరువు జారీచేసెను. కార్డుమీద కనబడని మఱియొక గుర్తు లేనిదే ఆ సంవత్సరము ఆగస్టు 1 మొదలుగా ఇంటర్నెట్టు బేరము చెల్లరాదనెను. టెలిఫోను యంత్రముతో చేయు బేరములకు 2011లో దానిని వర్తింపజేసిరి. ఫోనునకు వచ్చు ఆఱంకెల ఓటీపీ అట్లు మన యిండ్లలో అడుగుపెట్టినది. 2022 అక్టోబరు 1 మొదలు వర్తకులు కార్డు సంఖ్యనే దాచరాదు. ఆ అంగడిలో మాత్రమే చెల్లు మాఱు సంఖ్య నుంచుకొనవలెను.

ఇట్లు రహస్యమును అంగడివాని చేతినుండి తీసి కొనువాని చేతిలో నుంచిరి. దొంగయు అంగడిని విడిచి కొనువాని యింటికి వచ్చెను.

మా పెదతండ్రిగారి కుమారుడు, బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడు, ఒకనాడు మందులు తెప్పించుకొనుటకు ఫోను చేసెను. పిమ్మట ఎవడో పిలిచి, మందుల సొమ్ము తిరిగి యిచ్చెదమని, వచ్చిన ఆఱంకెలు చదువుమనెను. అన్నగారు చదివెను. రూ. 38,000 పోయెను. 1930 అను సంఖ్యకు ఫిర్యాదు చేయవలెనని మేమెఱుగుటకు మఱునాటి సాయంకాలమయ్యెను. 2017 జులై 6 నాటి ఉత్తరువు ప్రకారము, తప్పు బ్యాంకుదైనను, మూడవవానిదై మూడు పనిదినములలో తెలిపినను, ఖాతాదారునకు నష్టము లేదు. తానే రహస్యము చెప్పినచో, బ్యాంకునకు తెలుపువఱకు పోయిన సొమ్ము తనదే. బ్యాంకువా రదియే చెప్పిరి. చట్టము ప్రకారము వారిది తప్పని నేననలేను. డెబ్బది దాటినవానిని కావలివానిగా నిలిపి, కునికినందులకు జరిమానా వేయుట మాత్రము నాకు రుచింపలేదు.

నేను హుండీ కథ చెప్పుచుండగా అన్నగారు నడుమ నడ్డగించిరి. "శాహు మొగము చూడనిదే రొక్కమీయకుండిరి గదా, నా మొగము చూడకయే నా సొమ్మెట్లిచ్చిరిరా?" అని యడిగిరి. నేను 2009 నాటి ఉత్తరువు నెత్తితిని. ఆయన వినలేదు, బ్యాంకునకు రెండవ అర్జీ వ్రాసికొనుచుండిరి.