డీజిలు ఇంజను: చరిత్రయే నిదానము

1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రమున చేరిన బళ్లారి తాలూకాలలో తెలుగువారు చిరకాలముగ నివసించుచున్నారు. అచ్చటి సండూరు కొండలలో ఇనుపఖనిజమును త్రవ్వు బుల్‌డోజర్లకు డీజిలు ఇంజనే ప్రాణము. అది మొరాయించినచో యజమానికి రాబడియు, కూలికి దినవేతనమును ఆగిపోవును. కావున మరమ్మతునకొక క్రమము వలయును. ఆ క్రమము ఇంజను చరిత్రయందే కలదు.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గునందు పరీక్షించి చూపిన ఇంజను సుమారు 20 అశ్వశక్తి గలది. అందు నిప్పురవ్వతో పనిలేదు; గట్టిగా అదిమిన గాలి వేడికే చమురు మండును. కాని చమురును చిమ్ముటకు వేరుగ గాలియంత్రము కావలసివచ్చుటచే అది బండ్లకు మోయరాని బరువయ్యెను. 1927లో బాష్ సంస్థ చమురుపంపులను విరివిగ తయారుచేయుటతో ఆ చిక్కు తీరెను. 1931లో కాటర్‌పిల్లర్ డీజిలు ట్రాక్టరు వెలువడెను.

కావున ఇంజను అంటుకొననిచో చూడవలసినవి మూడు: చమురు, గాలి, కంప్రెషన్. మొదట ట్యాంకును, ఫిల్టరును పరీక్షించి, చమురుగొట్టమున చిక్కిన గాలిని వెడలింపవలెను. పిదప గాలిఫిల్టరును చూడవలెను. అంటుకొనిన ఇంజను నల్లపొగ విడిచినచో గాలి చాలలేదనియో, చమురు మిక్కుటమనియో. నీలిపొగయైనచో ఇంజనాయిలు మండుచున్నదనియు. తెల్లపొగ తగ్గకున్నచో చమురు మండుట లేదనియో, నీరు చేరినదనియో ఊహింపవలెను. ఇన్నియు చూచిన పిమ్మటనే వాల్వులను, రింగులను శంకింపవలెను. సిలిండరు హెడ్డును విప్పుట కడపటి పని.

ముందుగ పానా పట్టినవానికంటె, ముందుగ పొగను పరికించినవాడే పాత ఇంజనునకు ఆయువు పోయును.