పెద్ద జట్టు, దాని కింద చిన్న జట్టు: ఆటగాడు ఎక్కడ తయారవుతాడు?

ఐపీఎల్ నెలల్లో బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో ఏ ఖాళీ జాగా చూసినా అసర్ నమాజు అయ్యాక మగ్రిబ్ అజాన్ దాకా బ్యాటు చప్పుడే. పిల్లలు ఆడుతుంటారు. ఇంట్లో పెద్దలకు మాత్రం ఒకటే అనుమానం. టీవీలో కనిపించే ఆ జట్టులోకి దారి ఎక్కడ మొదలవుతుంది? ఆ జట్టుకు కింద ఇంకో జట్టు ఉంటుందా? అందులో చేర్పిస్తే పైకి తీసుకుంటారా?

ఈ అనుమానాన్నే ఆసరా చేసుకుని "ఫలానా టీముకు మా అకాడమీతో లింకుంది, ఇంత కట్టండి చాలు" అనేవాళ్లు ఎక్కడైనా తయారవుతారు. కాబట్టి అసలు ఏర్పాటు ఎలా ఉంటుందో తల్లిదండ్రులు ముందే తెలుసుకోవడం మంచిది.

కింది జట్టు అంటే ఏమిటి?

ఈ పద్ధతి బాగా స్థిరపడింది అమెరికా, కెనడాల ఐస్ హాకీలో. మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడే ఆట అది. మన హాకీ వేరు. అక్కడ అన్నింటికంటే పై మెట్టు ఎన్‌హెచ్‌ఎల్. అందులో 32 జట్లు. దాని కింద 1936లో మొదలైన ఏహెచ్‌ఎల్ అనే లీగు. అందులోనూ 32 జట్లే. పైనున్న ఒక్కో జట్టుకు కింద ఒక్కో అనుబంధ జట్టు. దానికీ కింద ఈసీహెచ్‌ఎల్ అని ఇంకో మెట్టు ఉంది.

పైజట్టు ఏటా కొత్త కుర్రాళ్లను తీసుకుంటుంది. వాళ్లలో చాలామంది వెంటనే పెద్ద మ్యాచ్‌కు పనికిరారు. అలాగని బెంచీ మీద కూర్చోబెడితే ఆట తుప్పు పడుతుంది. అందుకని కింది జట్టుకు పంపి వారం వారం ఆడిస్తారు. పైన ఎవరికైనా దెబ్బ తగిలితే కింది నుంచి ఒకణ్ని పిలుస్తారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడేవాళ్లలో పది మందికి దాదాపు తొమ్మిది మంది ఏహెచ్‌ఎల్ మెట్టు ఎక్కి వచ్చినవాళ్లే.

ఎలా ఎంచుకుంటారు?

ముందు చూసేది దూరం. పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రం మ్యాచ్‌కు కుర్రాడు అందాలి. 2015కి ముందు కాలిఫోర్నియాలోని శాన్ హోసే జట్టుకు కింది జట్టు దేశానికి అటు చివర మసాచుసెట్స్‌లో ఉండేది. లాస్ ఏంజెలెస్ జట్టుది న్యూ హాంప్‌షైర్‌లో. ఒక ఆటగాణ్ని పిలిపించాలంటే విమానంలో దేశం మొత్తం దాటాలి. దాంతో 2015లో పడమటి వైపు ఐదు పైజట్లు తమ కింది జట్లను ఒకేసారి కాలిఫోర్నియాకు తెచ్చుకున్నాయి. 2021లో వాంకూవర్ జట్టు కూడా న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికాను వదిలి, తన పక్కనే ఉన్న ఆబట్స్‌ఫర్డ్‌కు మారింది. టొరంటోలో అయితే రెండు జట్లూ ఒకే ఊళ్లో ఉంటాయి.

రెండోది యాజమాన్యం. కొన్నిచోట్ల పైజట్టే కింది జట్టును సొంతంగా కొనుక్కుంటుంది. కొన్నిచోట్ల ఒప్పందం మీద నడుస్తుంది. పెన్సిల్వేనియాలోని హెర్షీ బేర్స్ జట్టు చాకొలెట్ ఊరుగా పేరున్న హెర్షీకి చెందిన వినోద సంస్థది. 2005 నుంచి అది వాషింగ్టన్ క్యాపిటల్స్‌కు అనుబంధం. ఇలాంటి ఒప్పందాల్లో ఆటగాళ్లను పైజట్టు ఇస్తుంది. స్టేడియం, టికెట్ల సంగతి స్థానిక యజమాని చూసుకుంటాడు. ఇద్దరి అవసరాలూ ఒకటి కావు. పైజట్టుకు కుర్రాడు నేర్చుకోవడం కావాలి, యజమానికి తన ఊరి జనం ముందు గెలవడం కావాలి. గడువు తీరాక ఒప్పందాలు మారిపోవడానికి ఒక కారణం ఇదే.

ఎలా నడుపుతారు?

కుర్రాళ్లకు అన్యాయం జరగకుండా అక్కడ కొన్ని నియమాలున్నాయి.

ఒకటి, రెండు జీతాల ఒప్పందం. పైన ఆడిన రోజులకు ఒక జీతం, కింద ఆడిన రోజులకు ఒక జీతం అని ముందే కాగితం మీద రాసుకుంటారు.

రెండు, దాచిపెట్టడం కుదరదు. కొంత అనుభవం వచ్చిన ఆటగాణ్ని కిందికి పంపాలంటే ముందు మిగతా 31 జట్లకు 24 గంటల పాటు అవకాశం ఇవ్వాలి. వాటిలో ఏదైనా కావాలంటే తీసుకుపోవచ్చు. ఒక్కో పైజట్టు మొత్తం 50 ఒప్పందాలకు మించి పెట్టుకోకూడదు.

మూడు, కింది జట్టు కొత్తవాళ్ల కోసమే ఉండాలి. మ్యాచ్‌లో దిగే 18 మంది స్కేటర్లలో కనీసం 13 మంది తక్కువ అనుభవం ఉన్నవాళ్లై ఉండాలని ఏహెచ్‌ఎల్ నియమం. లేకపోతే గెలుపు కోసం పాతకాపులతోనే జట్టు నింపేస్తారు.

మన దగ్గర ఆ పని చేసేది ఎవరు?

సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు గానీ, చెన్నై సూపర్ కింగ్స్‌కు గానీ మన దేశంలో ఇలా ఏడాది పొడుగునా లీగు ఆడే కింది జట్టు లేదు. ఐపీఎల్ జట్టు వేలంలో ఆటగాణ్ని కొంటుంది, రెండు నెలలు ఆడిస్తుంది. మిగతా పది నెలలు అతను ఆడేది తన రాష్ట్రానికి. అంటే అక్కడ అనుబంధ జట్టు చేసే పని ఇక్కడ రాష్ట్ర సంఘం చేస్తోంది. మన వరకు అది ఆంధ్ర క్రికెట్ సంఘం, దాని కింద జిల్లా సంఘం.

ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో అడుగుపెట్టింది 1953-54లో. 1932లో భారత తొలి టెస్టుకు కెప్టెన్‌గా చేసిన సి.కె. నాయుడే అప్పుడు ఆంధ్రకూ కెప్టెన్. ఇప్పుడు 16 ఏళ్లలోపు వాళ్లకు విజయ్ మర్చంట్ ట్రోఫీ, 19 లోపు వాళ్లకు వినూ మన్కడ్, కూచ్ బెహార్ ట్రోఫీలు, 23 లోపు వాళ్లకు నాయుడి పేరిటే ఉన్న ట్రోఫీ. పెద్దల్లో రంజీ, విజయ్ హజారే, టీ20లకు సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ. ఐపీఎల్ జట్ల తరఫున ఆటగాళ్లను వెతికేవాళ్లు ముఖ్యంగా చూసేది ఈ మ్యాచ్‌లనే. 2022లో మొదలైన ఆంధ్ర ప్రీమియర్ లీగ్ వాళ్ల కంటపడటానికి ఇంకో వేదిక అయింది. వేలానికి పేరు వెళ్లేదీ రాష్ట్ర సంఘం ద్వారానే.

ఇద్దరి కథ చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ 2016-17 రంజీ సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. ఆ వెంటనే 2017 వేలంలో, 20 లక్షల కనీస ధర ఉన్న అతన్ని సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొన్నది. కృష్ణ దాటితే వచ్చే గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2022 అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు వైస్ కెప్టెన్. ఆస్ట్రేలియాతో సెమీఫైనల్‌లో 94, ఇంగ్లండ్‌తో ఫైనల్‌లో 50 పరుగులు చేశాడు. చెన్నై అతన్ని 2023 సీజన్ కోసం 20 లక్షలకు తీసుకుంది. మొదటి ఐపీఎల్ మ్యాచ్ ఆడింది మాత్రం 2025 ఏప్రిల్ 14న, లక్నో మీద. మధ్యలో గడిచిన రెండు సీజన్లలో అతని ఆట నిలబడింది ఆంధ్ర మ్యాచ్‌ల మీదే. ప్రపంచకప్ గెలిచొచ్చిన పిల్లవాడికే ఇంత ఎదురుచూపు తప్పలేదు.

చెల్లెలి జట్లు వేరే సంగతి

2023లో మొదలైన దక్షిణాఫ్రికా ఎస్‌ఏ20 లీగులో ఆరు జట్లూ ఐపీఎల్ యజమానులవే. సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ అందులో ఒకటి. అమెరికా లీగులో టెక్సాస్ సూపర్ కింగ్స్ ఉంది. పేరు, రంగు ఒకటే కాబట్టి అవి కింది జట్లేమో అనిపిస్తుంది. కానీ దేశవాళీ క్రికెట్‌లో కొనసాగుతున్న మన మగ ఆటగాళ్లను విదేశీ లీగుల్లో ఆడటానికి బీసీసీఐ ఒప్పుకోదు. కాబట్టి గుడివాడ కుర్రాణ్ని "ముందు ఆ దేశంలో ఆడించి తర్వాత ఇక్కడికి తెస్తాం" అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మదగింది కాదు.

కబడ్డీ, హాకీ

డెల్టా ఊళ్లలో సంక్రాంతికి కబడ్డీ పోటీలు మామూలే. 2014లో ప్రొ కబడ్డీ మొదలయ్యాక ఆ ఆటకూ ఒక మెట్ల దారి ఏర్పడింది. తెలుగు టైటాన్స్ లాంటి జట్లు వేలంతో పాటు 'కొత్త యువ ఆటగాళ్లు' అనే విభాగంలో కుర్రాళ్లను నేరుగా తీసుకోవచ్చు. 2022లో వచ్చిన యువ కబడ్డీ సిరీస్ ఇలాంటివాళ్లు కనపడటానికి పనికొస్తోంది. హాకీ ఇండియా లీగు 2024 డిసెంబర్‌లో మళ్లీ మొదలైంది. పురుషుల జట్టులో 24 మంది ఉంటే వారిలో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలన్నది ఆ సీజన్‌లో నియమం. కింది జట్టు లేని చోట ఇలా పైజట్టులోనే చిన్నవాళ్లకు చోటు కట్టిపెడతారు.

ఆడపిల్లల సంగతి

2016 నవంబర్‌లో భారత, వెస్టిండీస్ మహిళల మ్యాచ్‌లు జరిగింది విజయవాడ దగ్గర మూలపాడులోనే. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ వచ్చింది. విజయవాడలో పుట్టిన సబ్బినేని మేఘన అందులో ఆడింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. వీళ్లకూ పైకి దారి రాష్ట్ర, దేశవాళీ మ్యాచ్‌లే.

ఇంట్లో చూసుకోవాల్సినవి

మొదటి మెట్టు జిల్లా ఎంపిక. దానికి ముందు సరిచూసుకోవాల్సింది కాగితాలు. మన ఇళ్లలో ఒకే పిల్లవాడు ఆధార్‌లో 'షేక్', స్కూల్లో 'ఎస్‌కె', పుట్టిన ధ్రువపత్రంలో ఇంకో స్పెల్లింగు. 'మొహమ్మద్', 'ఎండీ' గొడవ సరేసరి. బడిలో వేసేటప్పుడు ఏదో ఒక తేదీ రాయించేసిన ఇళ్లూ ఉన్నాయి. వయసు విభాగాల ఆటలో ఇవే అడ్డం పడతాయి. 16 లోపు అబ్బాయిలకు మణికట్టు ఎముక ఎక్స్‌రే తీసి వయసు చూస్తారు కాబట్టి తేదీ దిద్ది తగ్గించడం వల్ల లాభం ఉండదు, పేరు పోతుంది.

రెండోది దూరం. బందరు నుంచి విజయవాడ సుమారు 70 కిలోమీటర్లు. నాగాయలంక నుంచైతే అవనిగడ్డకు వచ్చి అక్కణ్నుంచి ఇంకా వెళ్లాలి. పెద్ద మైదానాలు మూలపాడు, మంగళగిరి వైపే. అమెరికా జట్లు కోట్లు ఖర్చుపెట్టి తగ్గించుకున్న దూరాన్ని దివిసీమ పిల్లవాడు బస్సు చార్జీతో దాటాలి. ఎంపిక రోజులు, పరీక్షలు ఒకేసారి పడితే ఏం చేయాలో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

మూడోది డబ్బు. అకాడమీ ఫీజు నేర్పినందుకు తీసుకునేది. అది సక్రమమే, రసీదు అడగాలి. జట్టులో చోటు ఇప్పిస్తామని తీసుకునేది ఏ పేరుతో అడిగినా మోసమే. ఐపీఎల్ జట్టు ఆటగాడికి డబ్బిస్తుంది, ఆటగాడి దగ్గర తీసుకోదు.

ఎవరైనా "మాకు పైజట్టుతో లింకుంది" అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "మావాడు ఈ ఏడాది ఏ ట్రోఫీలో, ఏ జిల్లా తరఫున, ఎన్ని మ్యాచ్‌లు ఆడతాడు?" దీనికి సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బులు చదువుకో, మంచి బూట్లకో ఉంచుకోవడం మేలు.