తుపాకీ కొలతలు, తప్పిన గుండ్ల లెక్క

పెద్ద జంతువును వేటాడాలంటే పెద్ద తుపాకీ కావాలి. పెద్ద గుండు తగిలితే జంతువు బాధపడకుండా చస్తుంది. కనుక పెద్ద తుపాకీ వేటే ధర్మమైన వేట. దొరల కాలం నుంచి వస్తున్న ఈ వాదాన్ని చాలామంది ప్రశ్నించకుండా ఒప్పుకుంటారు. నేను రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి, చదివింది బీకాం. తుపాకీ పేల్చడం నా పని కాదు గాని, అంకె కనబడితే అది దేన్ని కొలుస్తోందని అడగడం అలవాటు.

1972 చట్టంతో మన దేశంలో వేట నిషేధించారు కదా, ఇప్పుడీ చర్చ దేనికి అంటారా? మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన జంతువును పట్టుకోవడం, మత్తిచ్చి తరలించడం సాధ్యం కాకపోతే చంపడానికి అనుమతి ఇవ్వవచ్చని అదే చట్టంలోని 11వ సెక్షన్ చెబుతోంది. 2017 ఆగస్టులో మా జార్ఖండ్‌లోని సాహెబ్‌గంజ్ జిల్లాలో ఒక ఏనుగును అలాగే కాల్చారు. అది 15 మందిని చంపిందని లెక్క. కాల్చింది హైదరాబాద్‌కు చెందిన నవాబ్ షఫత్ అలీ ఖాన్. జంషెడ్‌పూర్ పక్కనే దల్మా కొండల్లో ఏనుగులున్నాయి. కాబట్టి ఇది మాకు దూరపు ప్రశ్న కాదు.

ముందు అంకెల సంగతి చూద్దాం. 19వ శతాబ్దంలో ఏనుగు వేటకు '4 బోర్' తుపాకీ వాడేవారు. ఒక పౌను సీసంతో నాలుగు గుండ్లు పోస్తే, ఆ గుండు పట్టే గొట్టం 4 బోర్. అంటే గుండు బరువు 113 గ్రాములు, అడ్డుకొలత అంగుళం పైమాటే. నల్లమందుతో వేగం ఒక హద్దు దాటదు, అందుకని బరువు పెంచారు. శామ్యూల్ బేకర్ సిలోన్‌లో ఇలాంటి తుపాకీతోనే వేటాడాడు. 1898లో రిగ్బీ కంపెనీ కార్డైట్ మందుతో .450 రైఫిల్ తెచ్చింది. గుండు 31 గ్రాములే, వేగం మాత్రం సెకనుకు 2150 అడుగులు. కొలత సగానికి పైగా తగ్గింది. ఏనుగులు చావడం ఆగలేదు.

తర్వాత 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోకి .450 దిగుమతిని నిషేధించింది. జంతువుల మీద జాలితో కాదు. ఆ సరుకు తిరుగుబాటుదారుల చేతుల్లోని పాత మార్టిని-హెన్రీ రైఫిళ్లకు పనికొస్తుందన్న భయంతో. దాంతో .465, .470 వంటివి వాడకంలోకి వచ్చాయి. శక్తిలో పెద్ద తేడా లేదు. పైగా .470 గుండు అసలు అడ్డుకొలత .475 అంగుళాలు, .450ది .458. అంటే చాలాసార్లు ఈ అంకె కొలత కూడా కాదు, పేరు.

అయితే చిన్న తుపాకీ చాలునా? అలా అనేవారు డబ్ల్యు.డి.ఎం. బెల్ పేరు చెబుతారు. ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు, ఎక్కువ భాగం 7 మిల్లీమీటర్ల రైఫిల్‌తో. కాని ఆయన ఏనుగు పుర్రెను రంపంతో కోయించి మెదడు ఎక్కడుందో చూసి నేర్చుకున్నవాడు. అదే రైఫిల్‌తో కాల్చి, గాయపరిచి వదిలేసిన ఇతరుల పుస్తకాలు మనకు దొరకవు. గెలిచినవాణ్ణి మాత్రమే చూసి సూత్రం కట్టడం జ్యోతిష్కుల పద్ధతి. నిజమైన జోస్యాలే గుర్తుంటాయి, తప్పినవి ఎవరూ రాసుకోరు.

తప్పిన గుండు ఖరీదు తెలియాలంటే చంపావత్ ఆడపులిని చూడాలి. జిమ్ కార్బెట్ దాన్ని 1907లో చంపాడు. ఆయన చెప్పిన లెక్క ప్రకారం అది నేపాల్‌లో 200 మందిని, కుమావూలో 234 మందిని తిన్నది. చచ్చాక చూస్తే కుడివైపు కోరపళ్లు పైదీ కిందదీ విరిగి ఉన్నాయి. పాత తుపాకీ దెబ్బ వల్లే అలా అయిందని, మామూలు ఆహారం వేటాడలేక మనుషుల మీద పడిందని కార్బెట్ రాశాడు. ఆ దెబ్బ కొట్టిన వేటగాడి పేరు చరిత్రలో లేదు. అతను గురి తప్పి వెళ్లిపోయాడు, నష్టం గడ్డికోసం, కట్టెలకోసం అడవికి వెళ్లిన ఆడవాళ్ల ఖాతాలో పడింది. గోడమీద పులితలలు వేలాడదీసినవారు జమ మాత్రమే చూపించారు.

ఆఫ్రికాలో కొన్ని దేశాలు ప్రమాదకర జంతువులకు .375 కంటే తక్కువ పనికిరాదని చట్టం చేశాయి. దాంట్లో అర్థముంది. గురి కాస్త పక్కకు పోయినా బరువైన గుండు ఎముకను చీల్చుకొని లోతుకు పోతుంది. కాని పొట్టలో తగిలిన గుండు ఎంత పెద్దదైనా ఆ జంతువును గంటల తరబడి బాధపెడుతుంది. పైగా తుపాకీ తన్నుడుకు భయపడే చేయి గురి నిలపలేదు.

కాబట్టి ప్రభుత్వం ఇలాంటి అనుమతి ఇచ్చిన ప్రతిసారీ తుపాకీ కొలత ఒక్కటే కాదు, ఎంత దూరం నుంచి కాల్చారు, ఎన్ని గుండ్లు తగిలాయి, ఎక్కడ తగిలాయి, ప్రాణం పోవడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, గాయంతో తప్పించుకుందా అన్నవి రాసి ప్రజల ముందు పెట్టాలి. ఏ కొలత సరిపోతుందో అప్పుడు వేటగాళ్ల కబుర్లను బట్టి కాకుండా ఆ కాగితాలను బట్టి తేల్చుకోవచ్చు.