పొగ మానితే ఒళ్ళు వస్తుందా?

ఇచ్ఛాపురం మొదలు సత్యవేడు దాకా చుట్ట, బీడీ ఎరుగని ఊరు లేదు. పొద్దెక్కినా అన్నం రాని కూలివాడు ఒక బీడీ వెలిగించి ఆకలిని కాసేపు మరచిపోవడం పరిపాటి. ఈ అలవాటు మానినవారు కొన్నాళ్ళకే “చొక్కా బిగుతవుతున్నది” అనడమూ, ఆ భయంతో మరల పొగ పట్టడమూ ఉన్నది. ఇది ఒట్టి అపోహ అని కొట్టివేయరాదు.

1828లో జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు పొగాకు నుండి నికోటిన్‌ను వేరుచేశారు. ఆకలిని అణచే గుణం ప్రధానంగా దీనిదే. ఎలా అణచునో శాస్త్రజ్ఞులు వివరించక ముందే వర్తకులు దానిని సొమ్ము చేసుకున్నారు. 1928లో అమెరికాలో లక్కీ స్ట్రైక్ కంపెనీ, సన్నగా ఉండగోరే స్త్రీలు మిఠాయికి బదులు తమ సిగరెట్టు అందుకోవాలని ప్రచారం సాగించింది. మిఠాయి వ్యాపారులు గోల పెట్టారు. వారి బాధ ఆరోగ్యం గురించి కాదు లెండి!

అసలు కారణం తెలియడానికి చాలాకాలం పట్టింది. 1986లో స్విట్జర్లాండ్‌లో ఎనిమిది మందిని ప్రత్యేకమైన గదిలో ఉంచి, వారి శరీరం ఖర్చుచేసే శక్తిని కొలిచారు. 24 సిగరెట్లు త్రాగిన రోజున ఆ ఖర్చు, త్రాగని రోజు కంటె సుమారు నూటికి 10 వంతులు ఎక్కువైనది. అంటే ఊరికే కూర్చున్నా పొయ్యి మండుతున్నదన్న మాట. 2011లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు చిట్టెలుకలపై ప్రయోగాలు చేసి, మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో ఆకలిని తగ్గించే నాడీకణాలను నికోటిన్ ప్రేరేపిస్తుందని చూపారు. పొగ మానగానే మంట తగ్గుతుంది, ఆకలి మేలుకొంటుంది. మొద్దుబారిన ముక్కుకు, నాలుకకు వాసన, రుచి తిరిగి తెలుస్తాయి. చారన్నం కూడ విందవుతుంది.

మరి ఎంత బరువు? 1991లో అమెరికాలో ప్రకటించిన ఒక పెద్ద పరిశీలనలో, మానడం వలన పురుషులకు సగటున 2.8, స్త్రీలకు 3.8 కిలోలు పెరిగినట్లు తేలింది. గమనించవలసిన సంగతి వేరొకటి ఉన్నది. పొగ త్రాగేవారు మొదట, ఎన్నడూ త్రాగనివారి కంటె తక్కువ బరువున్నారు. మానిన తరువాత వారితో ఇంచుమించు సమానమైనారు. పొగ అణచిపెట్టిన బరువే తిరిగి వచ్చినది! అందరికీ ఒకే తీరు కాదు. 2012లో పెక్కు పరిశీలనలను క్రోడీకరించగా, మానిన ఏడాదికి నూటికి 16 మంది బరువు తగ్గారు. 13 మంది మాత్రం పది కిలోలకు మించి పెరిగారు.

కోలుకొనేది ఆకలి ఒక్కటే కాదు. శ్రీకాకుళం పల్లెలలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్ట నిప్పుకొసను నోటిలో ఉంచుకొని పీల్చే అలవాటు ఉన్నది. దీనిని అడ్డపొగ అంటారు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వారు, డెన్మార్కు శాస్త్రజ్ఞులు కలిసి 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి, అంగిలిపై పొగ చేసే హానిని 1971లో ప్రకటించారు. తరువాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాలలో పొగాకు వాడే 36,000 మందికి పైగా ఇంటింటా నచ్చజెప్పి, ఐదేళ్ళపాటు ఏటేటా నోరు చూశారు. 1986లో వెలువడిన ఫలితాల ప్రకారం, మానినవారు పెరిగారు. నోటిలో తెల్లమచ్చలు క్రొత్తగా పుట్టడం తగ్గింది.

ఇంగ్లండులో రిచర్డ్ డాల్, ఆయన సహచరులు 1951 నుండి 2001 వరకు వేలాది పురుష వైద్యులను గమనించారు. పొగ విడువనివారి కంటె, 30వ ఏట మానినవారికి సుమారు 10 ఏళ్ళు, 40వ ఏట మానితే 9, 50వ ఏట 6 ఏళ్ళు ఎక్కువ ఆయుర్దాయం లభించింది. 60వ ఏట మానినవారికి కూడ 3 ఏళ్ళు దక్కాయి.